పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమా?

2023 నవంబరులో ఒకరోజు పొద్దున జడ వేసుకోబోతే కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. రాత్రి ఆ పక్కకే ఒత్తిగిలి పడుకున్నానేమో అనుకుని, క్లిప్పు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాను. రెండు వారాలు గడిచేసరికి కోటు తొడుక్కోవడానికి మా ఆయన సాయం కావలసి వచ్చింది. వెనక హుక్కులు పెట్టుకోవడం, పై అరలో పప్పుల డబ్బా అందుకోవడం, కారులో సీటు బెల్టు లాక్కోవడం ఒక్కొక్కటే నాకు చేతకాకుండా పోయాయి. రాత్రిళ్ళు ఆ భుజం మీదికి తిరిగితే ప్రాణం పోయినంత నొప్పి. డాక్టర్లు దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. మన ఊళ్ళో ‘భుజం పట్టేసింది’ అంటారు. నాకు ఆ మాటే సరైనదనిపిస్తుంది. లోపలి నుంచి ఎవరో పట్టుకుని వదలనట్టే ఉంటుంది.

అప్పటి నుంచి ఈ ఒక్క భుజం కోసం నేను నాలుగు దారుల్లో డబ్బు కట్టాను. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యానికి పన్నులుగా కట్టాను. సెలవుల్లో హైదరాబాదులో చేతి నగదుగా ఇచ్చాను. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ వాడాను. ఆఖరికి ఇక్కడ క్యాష్ ప్లాన్ అని పిలిచే నెలవారీ పథకంలో చేరాను. మేముండే రెడింగ్‌లో తెలుగువాళ్ళు ఎక్కువే. నడుమో మెడో పట్టేసినవాళ్ళు ఎక్కడ కలిసినా అడిగేది ఒకటే: “ఫిజియో కోసం ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోమంటావా?” వద్దనే చెబుతున్నాను. ఎందుకు వద్దో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోతున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నాయనమ్మ ఒక సామెత తరచూ వాడేది: పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమా అని. ఇన్సూరెన్స్ అనేది పిడుగు మంత్రం. గుండెపోటు, క్యాన్సర్, కారు ప్రమాదం లాంటివి ఎప్పుడొస్తాయో తెలియదు, వస్తే ఇల్లు గుల్లవుతుంది. వెయ్యి మంది తలా కొంచెం వేసుకుంటే పిడుగు పడ్డ ఒక్క ఇల్లు నిలబడుతుంది. ఫిజియోథెరపీ అలాంటిది కాదు. అది బియ్యం లాంటిది. నలభై దాటి, రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే మనలాంటివాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు మెడో, నడుమో, భుజమో, మోకాలో పట్టేస్తుంది. కొద్దికొద్దిగా, చాలాసార్లు, నెలల తరబడి కావాలి. ఈ బియ్యానికి పిడుగు మంత్రం చదివితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

మొదట ప్రభుత్వ వైద్యం గురించి చెప్పాలి. దాన్ని దాటేసి ప్రైవేటుకు పరిగెత్తడం మనవాళ్ళు చేసే మొదటి తప్పు.

ఇక్కడి నేషనల్ హెల్త్ సర్వీసు, అందరూ ఎన్‌హెచ్‌ఎస్ అంటారు, 1948 జులై 5న మొదలైంది. డాక్టర్ని చూస్తే డబ్బు అడగరు. అయితే వీసా మీద వచ్చినవాళ్ళలో చాలామందికి అది ఉచితం కాదు. ఇమ్మిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి అని వీసా దరఖాస్తుతో పాటే కట్టించుకుంటారు. 2015లో అది మొదలైనప్పుడు మనిషికి ఏడాదికి 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరి 6 నుంచి పెద్దవాళ్ళకు 1,035, పిల్లలకు 776. ఆ ఏడాది వేసవిలో మా చిన్నాన్నగారబ్బాయి భార్యతో, ఇద్దరు పిల్లలతో వచ్చాడు. మూడేళ్ళ వీసాకు ఈ ఒక్క పద్దు కిందే 10,866 పౌండ్లు ముందుగా కట్టాడు. ఆ పైన జీతంలో నేషనల్ ఇన్సూరెన్స్ పేరుతో ప్రభుత్వం వేసే కోత, ఆదాయపు పన్ను మామూలే. ఇంత కట్టినవాడు నడుం నొప్పి రాగానే “గవర్నమెంటు దాంట్లో నెలలు పడుతుందట అక్కా, ప్రైవేటుకు వెళ్ళిపోతా” అన్నాడు. కట్టిన డబ్బును వదిలేసి మళ్ళీ కట్టడం ఎందుకురా అని ఫోన్లోనే గట్టిగా అన్నాను.

నెలలు పడుతుందన్న మాట నిజమే. ఇంగ్లండులో చాలా ప్రాంతాల్లో జీపీ అనే మన పేట డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండానే ఫిజియోథెరపీకి మనమే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. నేను 2024 జనవరిలో చేసుకున్నాను. పిలుపు రావడానికి పద్నాలుగు వారాలు పట్టింది. అందరూ చెప్పుకునే ఆ ‘పద్దెనిమిది వారాల హామీ’ స్పెషలిస్టు డాక్టర్ల చికిత్సకు సంబంధించినది. మామూలు ఫిజియో క్యూ చాలావరకు దాని పరిధిలోకి రాదు, అందుకే అది ఎంత సాగినా పేపర్లో పెద్దగా రాదు. నాకు కోపం వచ్చే విషయం ఇదే. మనిషిని పనిలోకి పంపగలిగేది, ఆపరేషన్ తప్పించగలిగేది ఈ క్యూలో ఉంటుంది, లెక్కలోకి మాత్రం రాదు.

అయినా ఆ క్యూలో పేరు రాయించుకోవడం నాకెంతో మేలు చేసింది. ఇక్కడ సర్జరీలని పిలిచే జీపీ క్లినిక్కుల్లో ఈమధ్య ఫిజియోథెరపిస్టులనే పెడుతున్నారు, డాక్టర్ బదులు ముందు వాళ్ళు చూస్తారు. నన్ను చూసినామె చెయ్యి అటూ ఇటూ తిప్పి, ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి, వెంటనే షుగర్ పరీక్షకు రాయించింది. మధుమేహం ఉన్నవాళ్ళకు ఈ జబ్బు మిగతావాళ్ళ కంటే ఎక్కువగా వస్తుందట. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. నా రక్తంలో చక్కెర సరిహద్దు మీద ఉందని అప్పుడు తేలింది. మా నాన్న షుగరుతోనే పోయారు. డబ్బులిచ్చి భుజం నొక్కించుకునే చోటికి సూటిగా వెళ్ళి ఉంటే ఆ పరీక్ష ఎప్పుడు జరిగేదో. భుజం వల్ల నాకు దొరికిన అన్నిటికంటే విలువైన సంగతి అదే, అది పైసా అడగని చోట దొరికింది.

పద్నాలుగు వారాలు ఆగడం కష్టమే, ఒప్పుకుంటాను. అందుకే వేరే దారులు తొక్కాను.

నిజానికి అంతకుముందే, డిసెంబరులో, హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒక దారి తొక్కాను. విదేశాల్లో ఉండే మనవాళ్ళందరికీ తెలిసిన పద్ధతే. పన్ను పుచ్చినా, కళ్ళజోడు మార్చాలన్నా, నడుం నొప్పి అయినా “ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందాం” అని దాచుకుంటాం. అత్తగారింటి దగ్గర క్లినిక్‌లో పదిహేను రోజులు వరసగా వెళ్ళాను. రోజుకు 500 రూపాయలు. వేడి కాపడం, అల్ట్రాసౌండ్, కరెంటు ప్యాడ్లు, ఆఖర్న అయిదు నిమిషాలు వ్యాయామం. పడుకుని చేయించుకోవడం హాయిగా ఉండేది, ఆ సాయంత్రం నొప్పి తగ్గినట్టే ఉండేది. రెడింగ్ తిరిగొచ్చిన నాలుగో రోజుకు భుజం మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ క్లినిక్ అమ్మాయి మంచి పనిమంతురాలు, ఆమెను తప్పుపట్టను. కానీ ఇక్కడ వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2016లో నడుం నొప్పి గురించి ఏం చెప్పిందో తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. అల్ట్రాసౌండ్ వద్దు, కరెంటు ప్యాడ్లు వద్దు, ట్రాక్షన్ అని నడుం లాగి పట్టడం వద్దు, వ్యాయామం చేయించండి అని స్పష్టంగా రాశారు. నాది నడుం కాదు, భుజం. అయినా ఇక్కడి ఫిజియోలు ఎందుకు మెషీన్ల జోలికి పెద్దగా వెళ్ళరో అర్థమైంది. మనవాళ్ళు ఇక్కడి ఫిజియో గురించి ఎప్పుడూ ఒక ఫిర్యాదు చేస్తారు: “చెయ్యి కూడా సరిగ్గా పట్టుకోలేదు, వ్యాయామాల కాగితం చేతిలో పెట్టి పంపించింది.” నేనూ అన్నాను ఆ మాట. ఆ కాగితమే మందు అని ఒప్పుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. రోజుకు మూడుసార్లు, సారికి పది నిమిషాలు, గోడ మీద వేళ్ళు పాకించడం, తువ్వాలు వెనక నుంచి పైకి లాగడం. ఎవరికి ఎంత డబ్బు కట్టినా ఆ పది నిమిషాలు నా బదులు ఇంకొకరు చేయరు. ఫిజియోథెరపిస్టుకు మనం ఇచ్చే డబ్బు ఆమె కంటికి, అనుభవానికి. ఈ వారం ఎంతవరకు వంచాలి, ఏ నొప్పికి ఆగాలి, ఏ నొప్పికి ఆగక్కర్లేదు అన్నది చెప్పగలిగినందుకు. అలాంటప్పుడు నెలకు ఒకసారో, మూడు వారాలకు ఒకసారో కలిస్తే చాలు. ఇది పట్టుబడితే డబ్బు లెక్క మొత్తం మారిపోతుంది.

ఇక ఇన్సూరెన్స్. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. మా కంపెనీ ఉద్యోగులందరికీ ప్రైవేటు మెడికల్ ఇన్సూరెన్స్ ఇస్తుంది. జనవరిలో ఫోన్ చేస్తే ముందు ఫోన్లోనే ఒక ఫిజియో నలభై నిమిషాలు ప్రశ్నలడిగింది. తర్వాత ఆరు సెషన్లకు అనుమతి ఇచ్చారు, వాళ్ళ జాబితాలో ఉన్న క్లినిక్‌లోనే. అక్కడ మొదటి సెషన్ 65 పౌండ్లు, తర్వాతవి ఒక్కొక్కటి 52. ఆరు కలిపి 325. అయితే పాలసీలో ఎక్సెస్ అని ఒకటుంది. అంటే ఏడాదిలో మొదటి 200 పౌండ్లు మనమే భరించాలి, ఆ పైనే వాళ్ళిస్తారు. కాబట్టి నేను 200 కట్టాను, వాళ్ళు 125 కట్టారు.

సరే, 125 అయినా వచ్చిందిగా అనుకున్నాను. ఏప్రిల్ దాటాక పన్ను లెక్కలు చూసుకుంటుంటే అసలు సంగతి కనబడింది. కంపెనీ నా పేరు మీద కట్టే ప్రీమియం ఇక్కడ ఆదాయంలాగే లెక్క, దాని మీద పన్ను పడుతుంది. నా పేర కట్టింది ఏడాదికి 840. నా పన్ను రేటు ఇరవై శాతం. అంటే 168 పౌండ్లు నా జీతంలోంచి పోయాయి. ఇన్సూరెన్స్ నాకిచ్చింది 125, దాని కోసం నేనిచ్చింది 168. నలభై శాతం పన్ను కట్టేవాళ్ళకైతే 336. ఉచితంగా వచ్చింది కదా అని మనం సంబరపడే సౌకర్యానికి జీతం చీటీలో ఇంత పోతోందని మా టీంలో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరికీ చూపించాను.

ఆరు సెషన్ల తర్వాత ఇంకా కావాలన్నాను. స్పెషలిస్టు లేఖ తెమ్మన్నారు. తెచ్చాను. అప్పుడు వచ్చిన జవాబు నన్ను చాలా బాధపెట్టింది. ఈ పాలసీ కొద్దికాలంలో నయమయ్యే జబ్బులకే వర్తిస్తుందట, నాది దీర్ఘకాలికంగా మారుతున్నట్టు కనబడుతోందట, కాబట్టి ఇక ఇవ్వలేమట. ఫ్రోజెన్ షోల్డర్ స్వభావమే అంత. మొదట నొప్పి, తర్వాత బిగుసుకుపోవడం, ఆ తర్వాత మెల్లగా వదలడం, మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళు పడుతుంది. ఏ జబ్బుకు ఓపికగా ఫిజియో కావాలో సరిగ్గా ఆ జబ్బుకు ఆ ఓపిక కారణంగానే డబ్బు ఆగిపోయింది. ఆ కంపెనీ నియమం తప్పిందని అనను, పాలసీ కాగితంలో అదే రాసి ఉంది. బ్రిటన్‌లో ఇలాంటి పాలసీలన్నీ దాదాపు ఇదే పునాది మీద నిలబడ్డాయి. అక్యూట్ అంటే ఇస్తారు, క్రానిక్ అంటే ఇవ్వరు. ఒంట్లో కీళ్ళకూ కండరాలకూ ఆ గీత ఎక్కడుందో తెలియదు.

ఇంకొక మాట. ఆపరేషన్ కావాలంటే ఆ ఇన్సూరెన్స్ నిమిషాల మీద ఒప్పుకునేదని నా నమ్మకం. 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫ్రోజెన్ షోల్డర్ మీద ఒక పెద్ద పరిశోధన వచ్చింది. బ్రిటన్‌లో 35 ఆసుపత్రుల్లో 503 మందిని తీసుకుని, కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పాటు ఫిజియో, కొందరికి మత్తిచ్చి చెయ్యి వంచడం, కొందరికి చిన్న రంధ్రం ద్వారా చేసే కీహోల్ ఆపరేషన్ చేశారు. ఏడాది తర్వాత చూస్తే మూడింటి మధ్యా రోగికి చెప్పుకోదగ్గ తేడా లేదు. కీహోల్ ఆపరేషన్‌కు వేలల్లో డబ్బిచ్చే పాలసీ, దాదాపు అంతే ఫలితమిచ్చే ఫిజియోకు ఆరుసార్లతో చెయ్యి దులుపుకోవడం ఎక్కడి న్యాయం?

కంపెనీ ద్వారా కాకుండా సొంతంగా పాలసీ తీసుకున్నవాళ్ళకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి, మొరటోరియం పద్ధతిలో తీసుకుంటే గత అయిదేళ్ళలో ఉన్న నొప్పులన్నీ పక్కన పెట్టేస్తారు. పాలసీ తీసుకున్నాక వరసగా రెండేళ్ళు ఆ బాధ, దానికి చికిత్స లేకుండా గడిస్తేనే మళ్ళీ కలుపుతారు. నడుం నొప్పి వచ్చాక పరిగెత్తుకెళ్ళి పాలసీ తీసుకునేవాళ్ళకు అది పనికిరాదన్నమాట. రెండోది, చాలా పాలసీల్లో నో క్లెయిమ్ డిస్కౌంట్ ఉంటుంది, అంటే క్లెయిమ్ చేయనివాళ్ళకు ప్రీమియంలో తగ్గింపు. మా వీధిలో ఉండే అక్క మెడ నొప్పికి నాలుగు సెషన్లు క్లెయిమ్ చేసింది. మరుసటి ఏడాది పెరిగిన ప్రీమియం ఆ నాలుగు సెషన్ల ఖర్చును మించిపోయింది. “ఊరికే ఉన్నా బాగుండేది” అంటుంది.

పిడుగుకైతే ఇన్సూరెన్స్ పనికొస్తుంది. మా సహోద్యోగి పిత్తాశయం రాళ్ళతో విలవిల్లాడుతుంటే మూడు వారాల్లో ఆపరేషన్ చేయించింది ఇదే ఇన్సూరెన్స్. అలాంటి వాటి కోసం ఎవరైనా పెట్టుకుంటానంటే నేను కాదనను. ఫిజియో కోసం మాత్రం పెట్టుకోవద్దంటున్నాను.

2024 మేలో క్యాష్ ప్లాన్‌లో చేరాను. ఇది మన దేశంలో లేని వ్యవస్థ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దాని పుట్టుక నాకెంతో నచ్చింది. ప్రభుత్వ వైద్యం లేని రోజుల్లో ఇక్కడి కార్మికులు శనివారం జీతం అందగానే ఆసుపత్రి కోసం కొన్ని పెన్నీలు హుండీలో వేసేవారు. లండన్‌లో 1873లో మొదలైన హాస్పిటల్ సాటర్‌డే ఫండ్ పేరు అలా వచ్చిందే. తర్వాత షెఫీల్డ్ లాంటి ఉక్కు పట్టణాల్లో జీతంలో పౌండుకు ఒక పెన్నీ పద్ధతి వచ్చింది. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు. అంటే సంపాదనలో 240వ వంతు. 1948లో ఆసుపత్రులు ఉచితమయ్యాక ఈ నిధులు మూతపడాలి. మూతపడలేదు. కళ్ళజోళ్ళు, పళ్ళు, ఫిజియో లాంటి చిన్న ఖర్చులు తిరిగిచ్చే పథకాలుగా మారి నిలబడ్డాయి. సింప్లీహెల్త్, వెస్ట్‌ఫీల్డ్ హెల్త్, మెడిక్యాష్ లాంటివి ఇప్పుడు నడుపుతున్నది ఇదే.

పద్ధతి సులువు. మనకు నచ్చిన ఫిజియో దగ్గరికి వెళ్తాం, డబ్బు కడతాం, రసీదు ఫోటో తీసి పంపుతాం. కొన్ని రోజుల్లో ఒప్పుకున్న శాతం ఖాతాలో పడుతుంది, ఏడాదికి ఇంత అనే హద్దు వరకు. ఫోన్లో ప్రశ్నలు లేవు, ఎక్సెస్ లేదు, స్పెషలిస్టు లేఖ లేదు. జబ్బు కొత్తదా పాతదా అని మా ప్లాన్ అడగలేదు. మొదటి మూడు నెలలు క్లెయిమ్ చేయకూడదన్నది ఒక్కటే షరతు.

నా లెక్క చెబుతాను. నెలకు 17 పౌండ్లు, ఏడాదికి 204. ఫిజియోకు 75 శాతం తిరిగిస్తారు, 225 వరకు. మొదటి ఏడాది ఏడు సెషన్లు, అదే 52 చొప్పున, 364 అయింది. అందులో 75 శాతం 273, హద్దు వల్ల 225 వచ్చింది. కళ్ళజోడుకు 90, పళ్ళకు 40 వచ్చాయి. మొత్తం 355. కట్టింది 204, వచ్చింది 355. చాలా సంతోషించాను. రెండో ఏడాది భుజం నెమ్మదించింది, ఫిజియో అవసరం పడలేదు. కళ్ళజోడు మార్చలేదు. పళ్ళకు 40 మాత్రమే వచ్చింది. రెండేళ్ళు కలిపితే కట్టింది 408, వచ్చింది 395. పదమూడు పౌండ్ల తేడా. నా డబ్బే నాకు తిరిగొచ్చిందన్నమాట.

ఊళ్ళో అమ్మ వేసే చీటీ గుర్తొచ్చింది. చీటీలో వేసిన డబ్బు ఎప్పటికైనా మనకొస్తుంది. క్యాష్ ప్లాన్‌లో వాడుకోని ఏడాది డబ్బు పోతుంది. కాబట్టి లెక్కగా చూస్తే నెలకు 17 పౌండ్లు నేనే వేరే ఖాతాలో వేసుకున్నా దాదాపు ఇదే. నికచ్చిగా అలా వేసుకోగలిగినవాళ్ళకు క్యాష్ ప్లాన్ అక్కర్లేదు.

మరి నాకెందుకు నచ్చింది? దీని గురించి చాలా ఆలోచించాను. మా ఆయన మోకాలికి దెబ్బ తగిలితే మరుసటి రోజే ఫిజియో దగ్గరికి వెళ్ళాడు. పిల్లాడికి క్రికెట్‌లో మడమ బెణికితే నేనే పరిగెత్తించాను. నా భుజానికి 52 పౌండ్లు పెట్టాలంటే మాత్రం చెయ్యి రాలేదు. ఆ డబ్బుతో వారం కూరగాయలొస్తాయి, పిల్లాడి బూట్లొస్తాయి అనిపించింది. నాకు తెలిసిన ఆడవాళ్ళందరిదీ ఇదే కథ. చెయ్యి లేవకపోయినా పిండి కలుపుతారు, నడుం వంగకపోయినా బట్టలారేస్తారు, ‘తగ్గిపోతుందిలే’ అంటారు. నెలనెలా కట్టేస్తున్నాం కాబట్టి వాడుకోకపోతే పోతుంది అన్న ఒక్క ఆలోచన నన్ను మూడు వారాలకోసారి ఆ క్లినిక్ మెట్లెక్కించింది. నొప్పి ముదరకముందే వెళ్ళాను. తన ఒంటి మీద ఖర్చు పెట్టడానికి మనసొప్పని మనిషికి ముందే కట్టేసిన డబ్బు ఒక అనుమతి పత్రం లాంటిది. ఆ పదమూడు పౌండ్లు ఆ అనుమతి ఖరీదు అనుకుంటే చాలా చవక.

చేరేవాళ్ళు ఒకటి రెండు చూసుకోవాలి. ఫిజియోథెరపిస్టు అనే పేరు ఇక్కడ చట్టం కాపాడిన పేరు. హెచ్‌సీపీసీ అనే సంస్థ రిజిస్టరులో లేనివాళ్ళు ఆ పేరు పెట్టుకోకూడదు, పేరు కొట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు. స్పోర్ట్స్ థెరపిస్టు, మసాజ్ థెరపిస్టు వేరు. వాళ్ళ రసీదుకు చాలా ప్లాన్లు డబ్బివ్వవు. రసీదు పంపడానికి గడువు ఉంటుంది, పర్సులో పెట్టి మర్చిపోకండి. ఫిజియో, ఆస్టియోపతి, ఆక్యుపంక్చర్ అన్నీ కలిపి ఒకటే హద్దా అన్నది చదివి చేరండి. నా ప్లాన్‌లో ఒకటే.

ఇక మన ఊరి సంగతి. 2022లో విజయవాడలో అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు ధర కట్టడి పెట్టింది. కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం రకానికి 76,600, జీఎస్టీ కాకుండా. అంతకుముందు లక్షల్లో వసూలు చేసేవారు. చాలామంచి పని. అమ్మ ఇన్సూరెన్స్ ఆపరేషన్ ఖర్చు చాలావరకు క్యాష్‌లెస్‌గానే భరించింది. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు అబ్బాయి ఇంటికొచ్చి చేయించేవాడు, సారికి 500. మొదటి రెండు నెలల్లో ఇరవై నాలుగుసార్లు వచ్చాడు. డిశ్చార్జి తర్వాత అరవై రోజుల వరకు అదే జబ్బుకు అయ్యే ఖర్చులిస్తామని అమ్మ పాలసీలో ఉంది. తమ్ముడు 12,000కు బిల్లులు పెడితే తిప్పి పంపారు. డిశ్చార్జి సమ్మరీలో ఫిజియోథెరపీ అన్న మాట డాక్టర్ రాయలేదట, రసీదుల మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదట.

మోకాలి మార్పిడి చేయించబోయేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఇంటికి వచ్చేముందే డిశ్చార్జి కాగితంలో ‘ఫిజియోథెరపీ, ఇన్ని వారాలు’ అని రాయించుకోండి. వచ్చే ఫిజియో దగ్గర ప్రతిసారీ తేదీతో, నంబరుతో రసీదు తీసుకోండి. అరవై రోజులా తొంభై రోజులా అన్నది పాలసీలో చూసుకోండి. ఆపరేషన్ లేకుండా ఊరికే నడుం నొప్పికి క్లినిక్‌కు వెళ్తే మన మామూలు పాలసీలు ఒక్క రూపాయి కూడా ఇవ్వవు, ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకు ఓపీడీ కవర్ విడిగా ఉంటే తప్ప. అక్కడ కూడా మంత్రం పిడుగుకే ఉంది. మోకాల్లో పెట్టిన లోహానికి ప్రభుత్వం ధర కట్టింది, కంపెనీ డబ్బిచ్చింది. ఆ లోహాన్ని వంగేలా చేసిన అబ్బాయి కూలి మాత్రం ఎవరి పద్దులోకీ రాలేదు. అతను రాకపోతే అమ్మ ఇవాళ మెట్లెక్కేది కాదు.

నేను చెప్పేదంతా 17 పౌండ్లు పక్కన పెట్టగలిగినవాళ్ళకే అని నాకు తెలుసు. ఇక్కడ కేర్ హోముల్లో పనిచేసే మన పిల్లలు చాలామంది ఉన్నారు. ముసలివాళ్ళను లేపి, తిప్పి, పడుకోబెట్టి నడుములు విరగ్గొట్టుకుంటున్నారు. వాళ్ళకు 52 పౌండ్లంటే నాలుగు గంటల కష్టం. వాళ్ళకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉండదు, క్యాష్ ప్లాన్ గురించి చెప్పేవాళ్ళుండరు. వాళ్ళకున్నది ఆ పద్నాలుగు వారాల క్యూ ఒక్కటే. కాస్త ఉన్నవాళ్ళం డబ్బు కట్టి పక్కనుంచి వెళ్ళిపోతే ఆ క్యూ పొడుగు గురించి గట్టిగా అడిగేదెవరు? అందుకే నేను మా జీపీ సర్జరీలో పేషెంట్ పార్టిసిపేషన్ గ్రూపు అనే రోగుల బృందంలో చేరాను. ఇంగ్లండులో ప్రతి సర్జరీకీ అలాంటిదొకటి ఉండాలి, మనవాళ్ళు దాదాపు ఎవరూ వెళ్ళరు. మొదటి మీటింగులోనే ఫిజియో క్యూ ఎన్ని వారాలుందో నెలనెలా గోడ మీద అంటించమని అడిగాను. మూడో మీటింగుకు అంటించారు.

ఆఫీసులో హెచ్‌ఆర్‌కు కూడా రాశాను. మెడికల్ ఇన్సూరెన్స్ వద్దన్నవాళ్ళకు దాని బదులు క్యాష్ ప్లాన్ ఇవ్వమని, లేదంటే నెలకు రెండు రోజులు ఒక ఫిజియోథెరపిస్టును ఆఫీసుకే పిలిపించమని. పన్ను లెక్క కాగితం కూడా జతచేశాను. రెన్యువల్ అప్పుడు చూస్తామన్నారు. మా టీంలో పదకొండు మంది ఆ ఉత్తరం మీద సంతకం చేశారు. అందులో ఎనిమిది మంది ఆడవాళ్ళు.

నా చెయ్యి ఇప్పుడు తొంభై పాళ్ళు లేస్తోంది. జడ నేనే వేసుకుంటున్నాను. వెనక్కి తిప్పడం ఇంకా పూర్తిగా రాలేదు. మధ్యాహ్నం ఒంటి గంటకు ఇంట్లో ఉన్నరోజు అమ్మకు వీడియో కాల్ చేస్తాను. అక్కడ ఎండాకాలం అయిదున్నర, చలికాలం ఆరున్నర అవుతుంది. ఫోను గోడకు ఆనించి నేను తువ్వాలు పట్టుకుంటాను, అమ్మ కుర్చీలో కూర్చుని మోకాలు చాపుతుంది. లెక్క పెట్టేది అమ్మే. పది దాటాక నేను దించబోతే “ఆగమ్మా, ఇంకో అయిదు” అంటుంది.